శంకర్ సీటు, నా ప్రమోషన్: బాన్సువాడలో ఒక కోతల రోజు

నేను ట్రైనింగ్ అనలిస్ట్‌ని. ఈ మాట చెప్పగానే మా పిన్నితో సహా అందరూ "అంటే టీచరా?" అంటారు. కాదు. ఉద్యోగులకు ఇచ్చిన శిక్షణ వాళ్ళ పనిలో ఏమైనా అక్కరకొచ్చిందా, రాకపోతే ఎందుకు రాలేదు అన్నది చూసి చెప్పడం నా పని. వరికోత మిషన్లు కిరాయికిచ్చే ఒక కంపెనీ హైదరాబాద్ ఆఫీసులో, ఏసీ కింద కూర్చుని కొన్నేళ్ళుగా అదే చేస్తున్నాను. కిందటి కోతలప్పుడు మా హెడ్ మాధవి గారు పిలిచి బాన్సువాడ వెళ్ళి రమ్మన్నారు. అక్కడ శంకర్ అనే డ్రైవర్ రెండుసార్లు ట్రైనింగ్ తీసుకున్నాక కూడా మిషన్ బ్లేడ్లు విరగ్గొడుతూనే ఉన్నాడట. అతన్ని సీటు మీద ఉంచాలా, దింపేయాలా అన్నది వెళ్ళిన రోజు సాయంత్రంలోగా నేను తేల్చి చెప్పాలి. ఇది చక్కబెట్టుకొస్తే సీనియర్ అనలిస్ట్ పోస్టుకు నా పేరే పంపుతానని కూడా అన్నారు. ఇక నాకు కాలు నిలిస్తే ఒట్టు.

తెల్లవారుజామునే సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్‌లో కామారెడ్డి బస్సెక్కాను. ఎక్స్‌ప్రెస్ అయితే ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్టే. డీలక్స్ ఎక్కితే మాత్రం చార్జీ పెట్టుకోవాలి. కామారెడ్డి బస్టాండ్ బయట వేడి ఇడ్లీ తిని, బాన్సువాడ బస్సు పట్టుకున్నాను. మొత్తం ప్రయాణం నాలుగు గంటల పైచిలుకు వేసుకోండి. కోతల రోజుల్లో ఇంకాస్త పడుతుంది, ఎందుకంటే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, బస్సు మిగతా సగంలోనే నడవాలి. బాన్సువాడలో దిగితే నస్రుల్లాబాద్ వైపు షేర్ ఆటోలు దొరుకుతాయి, నా దగ్గర ముప్పై తీసుకున్నారు. పొలం దాకా దింపాలంటే బేరమాడాలి. నాకు బేరం చేతకాదు, అడిగినంతా ఇచ్చేశాను. ఆటో అన్న నా లాప్‌టాప్ బ్యాగు చూసి బ్యాంకు నుంచి వచ్చావా అని అడిగాడు. కోత మిషన్ చూడ్డానికని చెబితే, "గది చూడనీకి హైదరాబాద్ కెల్లి వచ్చినవా అక్కా?" అని దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

పొలం సాయవ్వ అనే పెద్దావిడది. మంచు ఆరితేగాని కోత మొదలుపెట్టరు కాబట్టి మిషన్ ఇంకా గట్టు పక్కనే ఆగి ఉంది. శంకర్‌ది దగ్గర్లోని తండా, ముప్పై ఏళ్ళుంటాయి. అతని వెంట బామ్మర్ది గోపాల్ ఉన్నాడు, భుజాన తువ్వాల వేసుకుని. నేనెందుకు వచ్చానో శంకర్‌కు తెలుసు. బడిలో ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడ్డట్టు నిలబడి, ట్రైనింగ్‌లో చెప్పినవన్నీ గడగడా ఒప్పజెప్పాడు. ఒక్కటి తప్పితే చూడండి! ఇంత బాగా నేర్చుకున్న మనిషి బ్లేడ్లు ఎందుకు విరగ్గొడుతున్నాడో నాకు అంతుపట్టలేదు.

మిషన్ కదిలింది. శంకర్ చూపంతా ఎదురుగా ఉన్న ప్యానెల్ మీదే పెట్టాడు, మేం నేర్పినట్టే. గోపాల్ దూరంగా గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాసేపు వరి సాఫీగా కోసుకుపోతుంటే నాకు సంబరమేసింది. అంతలో టంగుమని పెద్ద చప్పుడయి మిషన్ ఆగింది. వరిలో దాక్కున్న హద్దురాయి. రెండు బ్లేడ్లు పోయాయి. శంకర్ కిందికి దిగి నా మొహం చూడకుండా, "ఇగ నా సీటు పాయె," అన్నాడు. నా కళ్ళముందే విరిగాక ఇంక తేల్చేదేముంది?

కాని సాయవ్వ శంకర్‌ను ఒక్క మాట అనలేదు. నేరుగా గోపాల్ మీదికి వెళ్ళింది. "నువ్వేందిరా, గట్ల చేతులు కట్టుకొని నిలవడ్డవ్? పోయిన కోతలకు ముందట నడిచినవ్ గద?" గోపాల్ కళ్ళతోనే నన్ను చూపించాడు. అప్పుడు నేనే వాళ్ళ పక్కన గట్టు మీద కూర్చుని అడిగాను.

మెల్లగా సంగతి బయటపడింది. ఈ వైపు ఎక్కడైనా మిషన్ వెంట ఇద్దరు వస్తారు. ఒకరు నడుపుతారు. రెండోవారు మడిలో ముందు నడుస్తూ, కాళ్ళతో తడుముతూ, రాయి, బోరు పైపు, దిగబడే చోటు ఎక్కడున్నాయో తువ్వాల ఊపి చెబుతారు. ఇంజన్ మోతలో మాట వినపడదు, తువ్వాల ఒక్కటే కనపడుతుంది. మా ట్రైనింగ్ ఏం చెప్పింది? నడిచే మిషన్ ముందు మనిషి ఉండకూడదని. అది కూడా నిజమే, కాలు జారితే ప్రాణాలే పోతాయి. మిగతా డ్రైవర్లు కంపెనీవాళ్ళు వెళ్ళగానే పాత పద్ధతికి వెళ్ళిపోతున్నారు. శంకర్ ఒక్కడే మా మాటకు కట్టుబడి, బామ్మర్దిని గట్టు మీదే నిలబెట్టాడు. అంటే మా పాఠం నిజంగా నేర్చుకున్నవాడి బ్లేడ్లే విరుగుతున్నాయి! ఇన్నేళ్ళలో నా ఉద్యోగం ఇంత రుచిగా ఎప్పుడూ అనిపించలేదు.

కొత్త బ్లేడ్లు బిగిస్తుండగా సాయవ్వ జొన్నరొట్టె, పల్లి చట్నీ పెట్టింది. తింటూనే నా ఆలోచన చెప్పాను. ఇంజన్ వేయకముందే ఇద్దరూ కలిసి మడంతా నడిచి, రాయి ఉన్నచోట ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతాలి. మిషన్ కదిలాక గోపాల్ ముందు కాకుండా, శంకర్‌కు కనపడేలా పక్క గట్టు మీద ఉండి తువ్వాల ఊపాలి. గోపాల్ తల అడ్డంగా ఊపాడు. రాయి, బురద రెంటికీ ఒకే గుర్తు పెడితే డ్రైవర్‌కు ఎట్లా తెలుస్తుందన్నాడు. రాయి దగ్గర పక్కకు తిప్పాలి, బురద దగ్గరైతే అసలు పోకూడదు. దాంతో బురదకు వేపకొమ్మ అని ఖాయం చేసుకున్నాం. సాయవ్వ పాత ఎర్రచీర ఒకటి తెచ్చి చింపి ఇచ్చింది.

మధ్యాహ్నం మిగిలిన మడి కోశారు. ఎర్రగుడ్డ కనపడ్డ ప్రతిచోటా మిషన్ నిదానంగా తిరిగిపోయింది, వేపకొమ్మ దాకా వచ్చి ఆగిపోయింది. ఆ టంగుమనే చప్పుడు మళ్ళీ రాలేదు. చివరి సాలు పూర్తవగానే నేను గట్టు మీద గంతులేశాను, చెప్పులు బురదలో పోయినా పట్టించుకోలేదు.

మాధవి గారికి ఫోన్ చేసే ముందు, నేనేం చెప్పబోతున్నానో శంకర్‌కు చెప్పాను. సీటు ఉంటుందంటే ఎగిరి గంతేస్తాడనుకున్నాను. అతను గోపాల్ వైపు చూసి, "నా సీటు ఉంచుమని ఒక్కటే జెప్పకున్రి మేడం. ఇద్దరం నడుపుతున్నమని జెప్పున్రి. గోపాల్ ఉన్నడని మీ కంపెనీల ఎవ్వరికి ఎర్కలేదు," అన్నాడు.

గాలి హోరుకు వినపడక స్పీకర్ పెట్టాను. ఉంచాలా, తీసేయాలా, ఒక్క ముక్కలో చెప్పమన్నారావిడ. ఉంచాలన్నాను. అంతటితో ఆగితే నా ప్రమోషన్‌కు ఢోకా లేదు. అయినా ఆగకుండా, కోర్సు మార్చాలని, ఇకమీదట ప్రతి మిషన్ నుంచి ఇద్దరినీ పిలవాలని చెప్పేశాను.

"నేను ఒక మనిషి గురించి అడిగితే, నువ్వు కోర్సంతా మార్చమంటున్నావు."

"అవునండి."

"సరే, ఆ కోర్సు నువ్వే రాయి. మొదటి క్లాసు బాన్సువాడలోనే పెట్టు. ఆ రెండో అతని పేరేమిటి?"

నేను నోరు తెరిచేలోపే, పక్కనే ఉన్న ఆ రెండో అతనే ఫోన్ మీదికి వంగి, "గోపాల్, మేడం," అన్నాడు.

సీనియర్ పోస్టు మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ అడగలేదు. అది తర్వాత వచ్చింది, ఇంట్లో స్వీట్లు పంచాం. కాని తిరుగు బస్సులో బురద కాళ్ళతో కూర్చున్నప్పుడు కలిగిన ఆనందం ప్రమోషన్ ఉత్తరం చూసినప్పుడు కలగలేదు. అడిగినదానికి జవాబు చెప్పడం నాకు ముందునుంచీ వచ్చు. అడగనిది కూడా చెప్పడానికి కావలసిన ధైర్యం ఆ మడిలో దొరికింది. ఈ ఉద్యోగంలో పైకి రావాలనుకునేవాళ్ళకు ఒక్క చిట్కా. కోతలు చూడ్డానికి వెళితే తెల్లవారుజాము బస్సుకే బయల్దేరండి, మంచు ఆరకముందే పొలంలో ఉండాలి. మడిలో మనుషులు తిరిగేది అప్పుడే. ఎండెక్కాక వెళితే మీకు మిషన్ మాత్రమే కనపడుతుంది.