బ్యాటరీ బాగానే ఉందన్నాను

మే నెల పదిహేడో తేదీ, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. సమయం ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, అప్పుడు నా ఎడమ చేతిలో ఒక ఫోన్ వెలుగుతూ ఉంది. ఆ అంకెలు దాని తెర మీద ఉన్నాయి. కుడి చెయ్యి అప్పటికే పైకి లేచింది.

ఆ చేతి బరువును ఏడేళ్లుగా మోస్తున్నాను. అన్నం కలిపేటప్పుడు, సంతకం చేసేటప్పుడు, ఎవరికైనా నమస్కారం పెట్టేటప్పుడు అది గుర్తుకొస్తుంది. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అయినా మీరు చివరిదాకా వింటారని నమ్మి మొదలుపెడుతున్నాను.

మాది ఆగిరిపల్లి దగ్గర ఒక ఊరు. నాన్న మామిడి కోతకు వెళ్లే మనిషి. మా ఇంట్లో, నాకు తెలిసినంతవరకు మా వంశంలోనే, డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. ఆ వేసవిలో నాన్న పనిచేస్తున్న తోటను గుత్తకు తీసుకున్న వ్యాపారి నన్ను పిలిపించారు. ఆయన్ని అందరూ గుత్తేదారు గారు అనేవారు. తోటలోని పాకలో ఆయన ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించి, "కూర్చోవయ్యా, డిగ్రీ గారూ" అన్నారు. ముప్పై ఏళ్లుగా ఆయన ముందు నిలబడే మాట్లాడిన నాన్న, ఆ కుర్చీ వెనక నిలబడి నవ్వుతున్నారు. ఆ కుర్చీని గుర్తుపెట్టుకోండి. నేను చేసినదంతా దాన్ని పోగొట్టుకోకూడదనే చేశాను.

నాకు అప్పగించిన పని చిన్నది. కాపలావాళ్లకు ఇవ్వడానికి ఆయన ఇంట్లో మూడు పాత ఫోన్లు ఉన్నాయి. వాటి బ్యాటరీలు ఎంత అరిగిపోయాయో చూసి చెప్పాలి. శ్రద్ధగానే చూశాను. అంకెలు, చుక్కలు నొక్కితే తెరుచుకునే రహస్యపు తెర ఒకటి ఆ ఫోన్లలో ఉంటుంది. అందులో బ్యాటరీ హెల్త్ ఎదురుగా "గుడ్" అని వస్తుంది. మూడింట్లోనూ గుడ్ అనే వచ్చింది. ఆ మాటకు పెద్ద అర్థం లేదని నాకు తెలుసు. బ్యాటరీ అతిగా వేడెక్కలేదు, పూర్తిగా చచ్చిపోలేదు అని మాత్రమే అది చెబుతుంది. ఎంత అరిగిందో చెప్పదు. అందుకని ఎంత కరెంటు లోపలికి వెళ్తోందో కొలిచే యాప్ ఒకటి వేసి, ఒక్కొక్క ఫోన్‌నూ మూడుసార్లు ఖాళీ నుంచి నిండుగా చార్జి చేశాను. రెండు ఫోన్లు బాగానే ఉన్నాయి. మూడోదానికి కొత్తలో ఉన్న శక్తిలో సగం కూడా మిగల్లేదు. వెనక మూత కొద్దిగా ఉబ్బింది.

"నూజివీడు తీసుకెళ్లి మార్పించు" అన్నారు గుత్తేదారు గారు. తీసుకెళ్లాను. ఆ రకం బ్యాటరీ బెజవాడ నుంచి రావాలి, రెండు రోజులాగి రమ్మన్నారు షాపులో. రెండు రోజుల తర్వాత నేను వెళ్లలేదు. బద్ధకమే. మరొక కారణమేదీ నాకు దొరకలేదు, చాలా వెతికాను. ఆయన అడిగినప్పుడు కుర్చీలో కూర్చుని ఉన్నాను. "మార్పించానండీ" అన్నాను. అంత సులువుగా వచ్చింది ఆ మాట.

ఆ మూడో ఫోన్ కోటయ్య బాబాయ్‌కి వెళ్లింది. మాకు చుట్టం కాడు. నాన్నతో కలిసి కోతలకు తిరిగి, మోకాళ్లు అరిగాక కాపలాకు కుదిరాడు. నన్ను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తోటలన్నీ తిప్పినవాడు.

ఆ తోటలో నేల మీద సిగ్నల్ అందదు. కాయ కింద పడకుండా కోయడానికి వెదురు గడకు చివర వల కడతారు, దాన్ని చిక్కం అంటారు. కాపలావాళ్లు ఫోన్‌ను ఆ వలలో వేసి, కొమ్మల పైకి ఎత్తి ఆనించి ఉంచుతారు. ఎవరికైనా చెయ్యాలంటే నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, గడ పైకెత్తి కింద నుంచి అరవాలి. రోజంతా మే నెల ఎండలో అలా వేలాడే ఫోన్ బ్యాటరీ గతి ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసి కూడా, ఆ వేలాడే ఫోన్లను చూసి నవ్వుకున్నాను.

వారం తర్వాత బాబాయ్ నా దగ్గరికి వచ్చాడు. చార్జి సగం ఉండగానే, మాట్లాడబోతే ఫోన్ చచ్చిపోతోందని చెప్పాడు. "చూస్తాలే బాబాయ్" అన్నాను. చూడలేదు.

పదిహేడో తేదీ మధ్యాహ్నం కోతవాళ్లు అన్నాలకు తోట అవతలి ముక్కలోకి వెళ్లారు. లారీ కోసం నింపి ఉంచిన చిన్న రసాల క్రేట్ల దగ్గర బాబాయ్ ఒక్కడే ఉన్నాడు. రెండు ఆటోలు వచ్చాయి. దిగినవాళ్ల చేతుల్లో కత్తులున్నాయి. ఆయన చెట్ల వెనక్కి పరుగెత్తి, నంబరు నొక్కి, గడ ఎత్తి కింద నుంచి అరిచాడు. ఆటోలొచ్చినయ్యి, రండయ్యా అని. పైన ఫోన్ అప్పటికే ఆరిపోయింది. ఆ సంగతి తెలియక ఆయన ఎంతసేపు అరిచాడో నాకు తెలియదు. క్రేట్లన్నీ పోయేంతసేపు అరిచి ఉంటాడు.

అన్నాలు తిని మేం తిరిగొచ్చేసరికి ఖాళీ నేల మిగిలింది. గుత్తేదారు గారు ఫోన్‌ను పాకలో తన చార్జర్‌కి తగిలించి వెలిగించారు. నలభై ఆరు శాతం చూపించింది. అప్పుడు జరిగిన మాటలు ఒక్క అక్షరం మర్చిపోలేదు.

"చూడయ్యా డిగ్రీ గారూ. నలభై ఆరున్న ఫోను దానంతటది ఆగిపోద్దా?"

"అబ్బాయినే అడగండయ్యా" అన్నాడు కోటయ్య బాబాయ్. ఆయన గొంతులో ధైర్యం ఉంది. "ఆడికి తెల్సు. ఏరా అయ్యా, వారం కితం నీకు చెప్పలా? మాట్లాడబోతే చచ్చిపోతందని?"

కోతవాళ్లలో ఒకడు నవ్వాడు. "ఫోను చచ్చిపోద్ది, ఆటోలొస్తయ్, కాయలు లేచి నడిచిపోతయ్! బలే కుదిరింది కోటయ్యా!"

"నీకు చెప్పాడా?" అని గుత్తేదారు గారు నన్ను అడిగారు.

"లేదండీ."

"బ్యాటరీ మార్పించావుగా?"

"మార్పించానండీ. బాగానే ఉంది. మీరే చూడండి." ఆ రహస్యపు తెర తెరిచి, గుడ్ అన్న మాట మీద వేలు పెట్టి చూపించాను. నాన్న కూడా మెడ చాచి చూశారు. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. అయినా తలూపారు.

గుత్తేదారు గారు తెర మీది మాట చూసి, బాబాయ్ వైపు తిరిగారు. మంచి మనిషేనని ఇప్పుడు అనిపిస్తుంది. "సర్లే. రేపు నూజివీడు పంపి షాపులో విప్పిద్దాం. ఊరికే మనిషిని అనడమెందుకు? పన్నెండేళ్లుగా ఉన్నోడేగా."

"అంతేనయ్యా, విప్పించండి" అన్నాడు బాబాయ్. అని, నా వైపు తిరిగి నవ్వాడు. తనతో పాటు నేను కూడా గట్టెక్కానని అనుకున్నాడేమో. విప్పితే ఏం కనబడుతుందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

అప్పుడు కొట్టాను.

ఎడమ చెంప మీద, చెవితో సహా. పొద్దుటి నుంచి కాయల తొడిమలు తుంచుతూ ఉన్నాను, అరచేతి నిండా మామిడి సొన. ఆయన తల చెట్టు మానుకు తగిలి వెనక్కి వచ్చింది. "ఆ ఆటోలు ఎవరివో చెప్పు బాబాయ్!" అని అరిచాను. బాబాయ్ అనే అన్నాను. ఆ పిలుపును కూడా వదలలేదు నేను.

ఎవరో కేక వేశారు. "సదువుకున్నోడే కొట్టాడంటే ఇంకేం కావాల్రా!"

ఆ తర్వాత జరిగినదేదీ నా చేతిలో లేదు. ఉందా? లేదనే ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. క్రేట్లు కట్టే తాడుతో ఆయన్ని చెట్టుకు కట్టింది వేరేవాళ్లు. ఆయన ఫోన్ ఎత్తిన ఆ చిక్కం గడనే విరిచి, దానితోనే బాదారు. వెదురు చీలినచోట పదునుగా ఉంటుంది. వీపు మీద చొక్కా, చర్మం ఒకేసారి చిరిగాయి. కుడి మోచేతి మీద పడ్డ దెబ్బ చప్పుడు మాత్రం వేరు. ఎండుకొమ్మ మీద మనిషి కాలు వేసినప్పుడు వస్తుందే, అది. అరుపు ఆగిపోయింది. నోటి నుంచి నెత్తురు, లాలాజలం కలిసి గడ్డం మీదికి జారుతున్నాయి. "చాల్లే, చాల్లెండిరా" అని గుత్తేదారు గారు అంటూనే ఉన్నారు. ఆ గోలలో ఆ మాట ఎవరికీ వినబడలేదు. ఆయన పక్కన నా కుర్చీ ఖాళీగా ఉంది.

నేను ఒక్క దెబ్బే కొట్టానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. తాడు విప్పాక ఆయన నేల మీద పడి నా పేరు పలికాడు. రెండుసార్లు పలికాడు. మూడోసారి పలికితే తర్వాత ఏం చెబుతాడోనని, డొక్కలో తన్నాను. పలికినప్పుడల్లా తన్నాను. ఎన్నిసార్లు? లెక్కపెట్టే తెలివి అప్పుడు నాలో లేదు. ఫోన్ నా ఎడమ చేతిలోనే ఉంది, దాన్ని మాత్రం కింద పడనివ్వలేదు. చివరికి నాన్నే నన్ను నడుం పట్టి వెనక్కి లాగారు. నాది ధర్మాగ్రహమని అనుకున్నారు ఆయన. "ఆవేశపడకు నాన్నా, నువ్వు చదువుకున్నోడివి" అన్నారు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు నూజివీడు వెళ్లాను. బ్యాటరీ వచ్చి ఉంది. షాపతను పాతదాన్ని బయటికి తీసి, పొంగిన పూరీలా ఉన్న దాన్ని చూసి, "దీంతో ఇన్నాళ్లు ఎట్టా నడిపారండీ?" అన్నాడు. డబ్బులు ఇచ్చేశాను. కొత్త బ్యాటరీతో ఫోన్ తెచ్చి గుత్తేదారు గారి ముందు పెట్టాను. ఆయన విప్పించలేదు. ఆ అవసరం ఎవరికీ లేకపోయింది. దొంగ దొరికాడు కదా.

మామిడి సొన చర్మాన్ని కాలుస్తుందని ఇక్కడ పసివాళ్లకు కూడా తెలుసు. నాలుగు రోజులకు బాబాయ్ చెంప మీద నా నాలుగు వేళ్లు నల్లగా తేలాయి. ఆ మచ్చలతోనే ఆయన తోట తోటకూ తిరిగాడు, ఎవరూ పనిలో పెట్టుకోలేదు. మచ్చలు పోయాయి. ఎడమ చెవి వినబడడం మానేసింది. మోచెయ్యి వంకరగా అతుక్కుంది. ఆ ఏడాది వానల్లోనే కూతురు దగ్గరికి, ఉంగుటూరు వెళ్లిపోయాడు.

నాకు విస్సన్నపేటలో ఆఫీసు ఉద్యోగం వచ్చింది. అక్కడివాళ్లు నాకు ఫోన్లు తెచ్చి చూపిస్తుంటారు, బ్యాటరీ ఎలా ఉందో చెప్పమని. ఆ తెర తెరుస్తాను. గుడ్ అని వస్తుంది. దాన్ని నమ్మకండని ప్రతి ఒక్కరికీ ఓపికగా వివరిస్తాను. ఎంత జాగ్రత్తగల మనిషినో అని మెచ్చుకుంటారు. ఆ మెప్పును కూడా తీసుకున్నాను. తీసుకుని ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. నేను ఎలాంటివాణ్ని? భయపడి చేశానని అంటే సరిపోతుందా? మొదటి దెబ్బకు ఆ మాట చెల్లుతుందేమో. పడిపోయిన మనిషిని తన్నిన తన్నుకు ఏ మాట చెల్లుతుంది? ఆ క్షణంలో నాకు భయం కంటే కోపమే ఎక్కువగా ఉంది. నన్ను నమ్మినందుకు ఆయన మీద కోపం. ఇది రాయడానికే ఇన్నాళ్లు పట్టింది.

ఈ వేసవిలో నాన్న ఒక పెళ్లిలో ఆయన్ని చూశారు. ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూ మామూలుగా అన్నారు. "కోటయ్య కనబడ్డాడ్రా. ఒక్కటే అడిగాడు. నీ కొడుకు నన్నంత గట్టిగా ఎందుకు కొట్టాడన్నా అని."

నాన్నను మంచం మీద కూర్చోబెట్టి, నేను నిలబడి అంతా చెప్పాను. మర్నాడు అదే తోటకు వెళ్లి, కోతవాళ్లు అన్నాలకు కూర్చున్న వేళ, గుత్తేదారు గారి ముందు నిలబడి మళ్లీ చెప్పాను. అందరూ ముద్ద చేతిలో పట్టుకుని విన్నారు. గుత్తేదారు గారు నా ముఖం చూడకుండా, "వెళ్లు" అన్నారు.

అక్కడి నుంచి ఉంగుటూరు వెళ్లాను. కోటయ్య బాబాయ్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను మొదలుపెట్టగానే తల తిప్పి ఎడమ చెవి నా వైపు పెట్టాడు. వినబడని చెవి. నేను చెప్పడం పూర్తయ్యేవరకు అలాగే కూర్చున్నాడు. చుట్టూ తిరిగి కుడివైపుకు వెళ్లే హక్కు నాకు లేదనిపించింది. లేచి వచ్చేశాను.

ఇది జరిగి ఇరవై రెండు రోజులైంది. ఇప్పుడు తోటల్లో కోటయ్యను ఎవరూ దొంగ అనడం లేదు. నాన్న నాతో మాట్లాడడం మానేశారు. నేను ఇంకెవరి ఫోనూ చూడడం లేదు.