మామ లుంగీ ఊగిన దిక్కు

మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను పనిలో, కడుతున్న మేడ పరంజి మీద ఉన్నాను. చెవుల్లో గాలి హోరు తప్ప ఏమీ వినపడటం లేదు. మా గదిలో వంట చూసే, మేమంతా తమ్ముడనే కుర్రాడు అవతల నుంచి ఏదో చెబుతున్నాడు, నేను "ఏటి? ఏటి?" అంటున్నాను. చివరికి వాడు గొంతు చించుకుని చెప్పాల్సి వచ్చింది. "మామ పోయిండే అన్నా. సల్మానియా దవాఖానల. పొద్దుగాల్ల." చావు కబురు అలా అరిచి చెప్పేది కాదు, కానీ ఆ గాలి ఇంకో దారి ఇవ్వలేదు. కిందికి దిగాను. ఫోర్‌మన్ విషయం విని డ్యూటీ వదిలి పొమ్మన్నాడు. ఆస్పత్రికి పోవాలా, గదికి పోవాలా తెలియక రోడ్డు పక్కన అటూ ఇటూ తిరిగాను. ఆ తిరగడంలో నాకు మొదట తట్టిన మాట ఏడుపు మాట కూడా కాదు. గాలి ఇంకా మళ్ళనేలేదే, అనుకున్నాను.

ఈ గాలి గొడవ చెప్పకుండా మామ గురించి చెప్పడం నా వల్ల కాదు.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయనది జగిత్యాల పక్క పల్లె, నాది శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు. బహ్రెయిన్‌లో గుదైబియాలోని పాత మేడలో, ఒకే గదిలో పక్కపక్క మంచాలు మావి. గదిలో అందరూ ఆయన్ని మామ అంటే నేనూ అన్నాను. "పిల్లనియ్యకుండనే అల్లుడు దొరికిండు" అని ఆయన నవ్వాడు. ఆ రోజు నుంచి నేను అల్లుణ్ణి. ఏడాదులు గడిచేసరికి అది ఉత్త పిలుపు కాకుండా పోయింది. నాకు జ్వరమొస్తే గంజి కాచింది ఆయనే, నా ముక్కు మీది కోపాన్ని భరించిందీ ఆయనే.

ఆయన తోటపని మనిషి. మొదట్లో రిఫాలో ఒక విల్లాలో పనిచేసేవాడు. అక్కడి సాబ్ ఏదో చలిదేశం నుంచి వచ్చినవాడు. సెలవు రోజున లోతు లేని సముద్రంలో మోకాళ్ళ దాకా దిగి చేపలు పట్టేవాడు, సామాన్ మోయడానికి మామను వెంట తీసుకెళ్ళేవాడు. ఆ పట్టడం మన పట్టడం కాదు. ఎర ఉండదు. గాలానికి ఈకలూ దారాలూ చుట్టి చిన్న చేపలా తయారు చేస్తారు. లావుపాటి తాడును తల మీదుగా వెనక్కీ ముందుకీ ఊపి, ఊపి, ఆ ఈకను నీటి మీద మెల్లగా వాలుస్తారు. సాబ్ ఈ దేశం వదిలి వెళుతూ ఆ గాలపు కర్రను మామ చేతిలో పెట్టి పోయాడు. మా గదిలో అందరి మంచాల కింద సూట్‌కేసులు ఉంటే, మామ మంచం కింద గుడ్డ చుట్టిన ఆ కర్ర ఉండేది.

చలికాలం సాయంత్రాల్లో మామ గాలాలు కట్టేవాడు. కోళ్ళ దుకాణం నుంచి ఏరి తెచ్చిన ఈకలు, కుట్టుదారం, ఒక చిన్న కత్తెర. కళ్ళద్దాలు ముక్కు కొసకు జారేవి. ఒకసారి వంట తమ్ముడికి పప్పులో ఈక కనిపించింది.

"మామా, పప్పుల ఈకలేందే?"

"కోడికూర అనుకోని తినరాదు," అన్నాడు మామ, కత్తెర ఆపకుండా.

నేను చేపల వేటకు పోయే ఇంట్లో పుట్టినవాణ్ణి. మా నాన్న వల విసిరితే నీళ్ళకు దెబ్బ తగిలినట్టు ఉండేది. ఈ ఈకల వ్యవహారం చూస్తే నాకు ఒళ్ళు మండేది. "మావా, చేపని పట్టాల గానీ, బతిమాలతారేటి?" అన్నాను ఒకసారి. ఆయన నింపాదిగా చెప్పాడు. "మీరు గుంజుకుంటరు అల్లుడా. నేను పిలుస్త. వస్తె వస్తది, లేకుంటె దానిష్టం." నాకు పిలవడం చేతకాదు. ఏదైనా సరే వెంటనే తేలిపోవాలి. ఆయన పక్కన నీళ్ళలో నిలబడి కాళ్ళు మార్చుకుంటూ ఉండేవాణ్ణి. "నీ కాళ్ళ సప్పుడుకు చేపలు సౌదీకి ఉరుకుతున్నయి" అనేవాడు.

ఇక్కడ చలికాలం చివర వాయవ్యం నుంచి గాలి లేస్తుంది. షమాల్ అంటారు. అది లేచిందంటే సముద్రం మురికి పట్టి, మన వాకిట్లో కళ్ళాపి నీళ్ళ రంగుకు వస్తుంది. చలికి చేప లోతుకు పోతుంది. పైగా ఈకంత బరువున్న గాలాన్ని ఆ గాలిలో విసరడమంటే, అది తిరిగి మన మీదికే వస్తుంది. ఆ గాలి తగ్గి, దక్షిణం వైపు నుంచి వెచ్చటి గాలి మళ్ళాక నీళ్ళు తేటపడతాయి, షేరీ చేపలు ఒడ్డుకు వస్తాయి. దాని కోసమే మామ ఏడాదంతా కాచుకునేవాడు.

ఆ మళ్ళడం కనిపెట్టడానికి మేడ మీద బట్టల తీగకు ఒక లుంగీ కట్టి ఉంచాడు. ఆకుపచ్చ గళ్ళ లుంగీ, కట్టుకోవడానికి పనికిరానంత పాతది. రెండు క్లిప్పులు పెట్టి వదిలేశాడు. పొద్దున్నే పైకెళ్ళి అది ఎటు ఊగుతోందో చూసి వచ్చి టీ తాగేవాడు. కొత్తగా గదిలో చేరినవాళ్ళు ఎవరైనా ఎండిందనుకుని తీస్తే ఊరుకునేవాడు కాదు. "అది బట్ట గాదురా, నా వాతావరణ ఆఫీసు" అనేవాడు.

ఇంత లెక్కగా గాలిని చూసే మనిషి, ఏటా ఒక్క తప్పు మాత్రం మానకుండా చేసేవాడు. శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందని మనవైపు అంటారు కదా, దాన్ని ఈ సముద్రానికి కూడా పట్టుకొచ్చాడు. లుంగీ ఎటు ఊగుతున్నా సరే, శివరాత్రి వెళ్ళగానే స్వెటర్ మడిచి పెట్టెలో పెట్టేసేవాడు. ఒక్కపొద్దు విడిచి, వచ్చే శుక్రవారమే నన్ను లేపి నీళ్ళలోకి దింపేవాడు. ఒక ఏడు ఆయన విసిరిన గాలం గాలికి వెనక్కి వచ్చి నా టోపీలో దిగింది. టోపీ ఎగిరి సముద్రంలో పడింది. ఇద్దరం పళ్ళు టకటకలాడుతూ ఒడ్డుకొచ్చి కూర్చున్నాం. "ఏటి మావా, నీ శివుడు చలిని తోలేస్తాడన్నావు?" అన్నాను. ఆయన ముక్కు తుడుచుకుని, "శివయ్యకు ఈడ వీసా లేటైతది అల్లుడా" అన్నాడు. మళ్ళీ ఏడు కూడా స్వెటర్ అదే రోజు పెట్టెలోకి పోయింది.

గాలి నిజంగా మళ్ళిన రోజున మాత్రం ఆయన్ని చూడాలి. ఆ తాడు ఆయన తల మీద ఊగుతుంటే నాలాంటివాడు కూడా కాళ్ళు కదపడం మరిచిపోయేవాడు. మొదటి చేప పడగానే, గాలం ఊడదీసి, దాన్ని రెండు చేతులతో నీళ్ళలో పట్టుకుని, "పోయి మీవోళ్ళకు చెప్పు, మంచోళ్ళే వచ్చిండ్రని" అని వదిలేసేవాడు. సాబ్ అయితే పట్టినవన్నీ వదిలేసేవాడట. అలా వదిలేస్తే గదిలో తన్నుతారని మామకు తెలుసు. అందుకని మొదటిది శివుడి వాటా, తక్కినవి మా కూర. "అది పోయి వాళ్ళోళ్ళకి రావద్దని చెప్తాది మావా" అని నేను గొణిగేవాణ్ణి. కానీ ఆ తర్వాత చేపలు పడేవి.

ఇవన్నీ నవ్వుకునే మాటలు. నవ్వు రాని మాట ఒకటి ఉంది. మామ ఏటా చలికాలంలో ఊళ్ళో ఉన్న అత్తకు ఫోన్‌లో చెప్పేవాడు: "గాలి మర్లనీయి, ఒక్కసారి గాలమేసి, ఇగ పని ఖలాస్ జేసుకోని వచ్చేస్త." గాలి మళ్ళేది, చేపలు పడేవి, ఇంతలో ఎండలొచ్చేవి. ఏదో కారణం దొరికేది. మళ్ళీ వచ్చే చలికాలానికి అదే మాట. నేను పక్క మంచం మీద వింటూ, నా ఫోన్‌లో నా ఇంటిదానికి నా తరహా మాట చెప్పేవాణ్ణి. వానలు పడ్డాక వస్తాననేవాణ్ణి. ఈసారి మాత్రం మామ నిజంగానే బయల్దేరాడు. కంపెనీకి చెప్పేశాడు, కాగితాలు కదిలాయి. అత్తకు దుప్పట్లు కొన్నాడు. "ఈసారి ఒక్క దినం గాలమేస్త, మొదటిది ఇడిచిపెడ్త, తెల్లారి పోత" అన్నాడు. ఆ ఒక్క రోజు కోసమే టికెట్ తీయకుండా ఆపాడు.

శివరాత్రికి ముందే దగ్గు పట్టుకుంది. ఊపిరి అందక సల్మానియాలో చేర్పించాం. డ్యూటీ దిగి వెళితే ముక్కుకు గొట్టంతోనే అడిగేవాడు.

"గాలి మర్లిందా?"

"నేదు మావా. షమాలే."

"లుంగీ చూసే చెప్తున్నవా, ఊకెనే చెప్తున్నవా?"

"చూసే."

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదేమో. కానీ మళ్ళిందంటే ఆయన ఊరుకోడు, లేచి బట్టలు కట్టుకునేవాడు. శివరాత్రి వెళ్ళగానే స్వెటర్ తీసేయమని నన్నే సతాయించాడు. ఆస్పత్రిలో ఏసీ చలి మావా అంటే, "అట్లయితె ఈడికి గూడ శివుడు రాలే" అని కళ్ళు మూసుకున్నాడు. నేను ఆయనతో ఆడిన చివరి మాటలు కూడా గాలి గురించే. తగ్గేలా ఉందా అన్నాడు. తగ్గుతాది మావా, అన్నాను.

గాలి మళ్ళకముందే ఆయన ఇంటికి చేరాడు, పెట్టెలో. దుప్పట్లు తర్వాత పంపాం. కర్ర ఏం చేయమంటారని అత్తకు ఫోన్ చేశాను. "ఆ కట్టె ఈడికెందుకు బిడ్డా, ఈడ ఎవరికి ఎరుక" అంది. మళ్ళీ తనే, "గాలి మర్లిన్నాడు నాకు చెప్పు. ఎన్నేండ్ల సంది ఇంటున్న ఆ మాట. మర్లితె ఎట్లుంటదో ఒక్కసారన్న ఇంట" అంది.

అప్పట్నుంచి నాకు నిలకడ లేదు. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపిస్తుంది, పడుకుంటే మెట్లెక్కాలనిపిస్తుంది. రోజూ పైకెళతాను, లుంగీ చూస్తాను, దిగుతాను. పనిలో కూడా పరంజి మీది గుడ్డముక్కలు ఎటు ఎగురుతున్నాయో చూస్తున్నానని ఫోర్‌మన్ తిట్టాడు. మామ మంచంలోకి ఇంకో మనిషి వచ్చాడు. మంచివాడే, అయినా వాడి మీద అకారణంగా విసుక్కుంటున్నాను. ఆ లుంగీని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఈ శుక్రవారం పొద్దున మెట్లు ఎక్కుతుండగానే గాలిలో తేమ తెలిసింది. లుంగీ వెనక్కి తిరిగి ఉంది. తొందర లేకుండా, మెల్లగా ఊగుతోంది. నేను అక్కడే నిలబడి అత్తకు ఫోన్ చేశాను.

"అత్తా, గాలి మళ్ళింది."

"అట్లనా," అంది. తర్వాత అడిగింది. "గిన్ని దినాలు ఎటు దిక్కు ఊగింది బిడ్డా, ఆయన లుంగీ?"

నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. వాయవ్యపు గాలికి ఆగ్నేయం దిక్కే ఊగుతుంది. అటు సముద్రం దాటితే మన నేలే.

"మన దిక్కే అత్తా. మీ ఇంటి దిక్కే."

"చలికాలమంత?"

"చలికాలమంతా."

"ఏటేటా గట్లనే ఊగిందన్నట్టు. మీరిద్దరు దాన్ని చూసుకుంట, ఇది మంచి గాలి గాదని కూసున్నరు." ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటేనే నాకు తేలికగా ఉండేది. "సరే తీయి. పోయి గాలమేసిరా. మొదటిది ఇడిచిపెట్టు. అయినంక నువ్వు ఇంటికి పో అల్లుడా. ఇంకో గాలి కోసం ఆగకు."

ఆమె నన్ను అల్లుడా అనడం అదే మొదటిసారి. సరే అత్తా, అన్నాను. ఈసారి ఆ మాట ఊరికే అనలేదు. వానల దాకా కూడా ఆగను. గాలి మళ్ళిందని కేకేయగానే వంట తమ్ముడు కర్ర పైకి తెచ్చిచ్చి బండి తీయడానికి దిగాడు, ఇప్పుడు కింద నా కోసం హారన్ కొడుతున్నాడు. కర్ర భుజాన వేసుకుని, దిగబోతూ ఒకసారి వెనక్కి చూశాను. మంచి గాలికి మామ లుంగీ నిండుగా ఉబ్బి, మాలో ఎవరి ఇల్లూ లేని దిక్కుకు ఊగుతోంది.