ఉడుకు గాలి పోయే తొవ్వ

ఆ వేసవిలో హైదరాబాదులోని మా ఆఫీసులో గదిలో సగం ఆక్రమించిన పెద్ద కంప్యూటర్ రోజూ మధ్యాహ్నానికి వేడెక్కి ఆగిపోయేది. దాన్ని చల్లబరిచే పని నాకు అప్పగించారు. అప్పటికి మూడు ఉపాయాలు చేసి చూశాను: పెద్ద ఫ్యాను, రెండు ఫ్యాన్లు, కిటికీకి తడిపిన వట్టివేళ్ల తడిక. ఏదీ పనిచేయలేదు. మర్నాటికి నాలుగోది ఇవ్వకపోతే ఆ పని నా చేతిలోంచి పోతుంది.

ఊరి నుంచి హైదరాబాదుకు తిరిగి వస్తుంటే, పెద్దపల్లిలో రైలెక్కిన ఒక బొగ్గుబాయి కార్మికుడు నా ఎదురుగా కూలబడ్డాడు. డ్యూటీ దిగి నేరుగా వస్తున్నట్టున్నాడు, కళ్ల చుట్టూ మసి ఇంకా పోలేదు. నా ఒళ్లో కాగితాల మీద గీసిన కంప్యూటర్ గది బొమ్మలు చూసి, "గివేంది సారూ?" అన్నాడు. చెప్పాను.

"ఎన్ని ఫ్యాన్లు పెడితే ఏంది? గా ఉడుకు గాలే మళ్ల మళ్ల తిరుగుతది. మా బాయిల పరదలు కడ్తం. సల్లగాలి ఒక దిక్కుకెల్లి వస్తది, ఉడుకుగాలి ఇంకో దిక్కుకెల్లి పోతది."

తువ్వాల తీసి కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకున్నాడు. బయటి గాలి మళ్లి నా ముఖానికి తగిలింది. వెంటనే కాగితం మీద యంత్రం ముందువైపుకూ వెనుకవైపుకూ నడుమ ఒక తెర గీశాను.

"ఉక్కపోస్తే గా మెషిన్‌ను ఆపుతరా?"

"ఆపేస్తాం. లేకపోతే పాడైపోతుంది."

"మంచిగున్నది దాని నౌకరి," అని నవ్వి, కళ్లు మూసుకున్నాడు.

తెర కట్టాక యంత్రం మళ్లీ ఆగలేదు. అందరూ మెచ్చుకున్నారు. ఉక్కపోసినా డ్యూటీ ఆగని ఆయన మాట గుర్తొచ్చి, ఆ చల్లటి గదిలో నేను మాత్రం పని లేకుండా ఒక్క నిమిషం కూర్చోలేకపోయాను.