అక్క తెచ్చిన నీళ్లు

మా ల్యాబ్ ఊడ్చే అక్కకి నేను పెంచే సూక్ష్మజీవులంటే నాకంటే ఎక్కువ ముద్దు. సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ వాటికి కూడా పోయొస్తనని చెప్పేది. నీళ్లలో సీసం ఉంటే పచ్చగా వెలిగేలా వాటిని మార్చామని చెప్పిన రోజు నుంచి ఒకటే పోరు. "వెలిగినప్పుడు జర నన్ను పిలువు బిడ్డా."

పనిలో ఉండగా పలకరిస్తే ఎవర్నైనా కసురుకునేదాన్ని నేను. ఆమెని మాత్రం ఎన్నడూ కసరలేదు. హైటెక్ సిటీ స్టేషన్‌లో ఆమె బోరబండ వైపు, నేను లింగంపల్లి వైపు. ఎదురెదురు ప్లాట్‌ఫారాల మీద నిలబడి, ఏదో ఒక రైలు వచ్చేదాకా చేతులు ఊపుకునేవాళ్లం.

ఆమె కూతురు అప్పుడు కడుపుతో ఉంది. వాళ్ల కిరాయి ఇంటి పక్కనే పాత బ్యాటరీలు విప్పి సీసం తీసే షెడ్డు. తాగేది బోరు నీళ్లేనని తెలిసి, ఒక సీసాలో పట్టి తెమ్మన్నాను. మర్నాడే తెచ్చింది. ఆఫీసు పని కాదు కదా అని పరీక్ష హడావుడిగా కానిచ్చేశాను. వెలగలేదు. భయం లేదు, తాగండి అని చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. వెలుగు చూడలేదని కొంచెం చిన్నబుచ్చుకుంది కూడా.

రెండు నెలలకి కాంట్రాక్టు మారి ఆమె పని పోయింది. నేను సెలవు నుంచి వచ్చేసరికి లేదు. ఆమెతో పనిచేసినావిడ ఒకరోజు మాటల్లో నవ్వుతూ అంది, "మేడంకి మురికి నీళ్లు ఎట్లిస్తనని సీసాల క్లోరిన్ బిళ్ళ ఏసి తెచ్చింది, మీకెరుకేనా?"

క్లోరిన్‌కి నా సూక్ష్మజీవులు చచ్చిపోయి ఉంటాయి. చచ్చినవి ఎలా వెలుగుతాయి? అవే నీళ్లలో నేనే కాస్త సీసం కలిపి సరిచూసుకుని ఉంటే, అప్పుడూ వెలగకపోవడం చూసి ఆ రోజే తెలిసేది. నా తొందర తగలెయ్య.

బోరబండ వెళ్లాను. ఇల్లు ఖాళీ చేసి ఎటు పోయారో ఎవరికీ తెలియదు. ఫోను కలవలేదు. అదే బోరు నీళ్లు పట్టుకొచ్చి, ఈసారి అన్నీ సరిచూసుకుంటూ పరీక్ష పెట్టాను. సీసా పచ్చగా వెలిగింది. ఆమె చూడాలనుకున్న వెలుగుని ఒక్కదాన్నే చూశాను. ఇంటి ఓనరుకి చెప్పి బోరు ఆపించాను.

ఇప్పటికీ సాయంత్రాలు ఎదుటి ప్లాట్‌ఫారం వెతుకుతాను. ఆమె కనిపిస్తే చేయి ఊపను. మెట్లెక్కి అవతలికి పరుగెత్తి, ముందు కూతుర్నీ పసిబిడ్డనీ దవాఖానకి తీసుకెళ్లి రక్తంలో సీసం పరీక్ష చేయించమని చెప్పాలి. నా మాట నమ్మబట్టే ఆ నీళ్లు తాగారని ఒప్పుకోవాలి. అది విన్నాక కూడా ఒక్కసారి నన్ను బిడ్డా అంటే బాగుండు. అనదేమో.