మూడు గుంజులు

దయ్యాలంటే నాకు నవ్వు. ఆరో తరగతిలోనే బడి మానేసినా, భయపడటానికి ఇంతకన్నా మంచివి లోకంలో బోలెడున్నాయని మాత్రం తెలుసు. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

మా అక్క మొగుడు దేవదానం, నేను నీళ్లలో పడ్డ మోటర్లు తీసేవాళ్లం. ఒకరు కంప్రెసర్ గాలి పైపు నోట్లో పెట్టుకుని దిగుతారు. రెండోవాడు గట్టు మీద తాడు పట్టుకుంటాడు. ఒక్క గుంజు గుంజితే అంతా బాగున్నట్టు. మూడు గుంజితే ఆలోచించకుండా పైకి లాగాలి.

నేను దిగినప్పుడల్లా ఊరికే మూడు గుంజేవాణ్ణి. బావ రొప్పుతూ లాగేవాడు. నేను పైకొచ్చి నవ్వేవాణ్ణి.

"రేయ్ బామ్మర్దీ, నీ ఎగతాళి గట్టు మీద పెట్టుకో. మూడు గుంజితే నేను సచ్చిపోతాండానని అర్థం."

"పోతే పో బావా. అక్కకు నీకన్నా మంచోణ్ణి చూస్తాలే."

ఆ రోజు డోన్ దగ్గర ఒక పాత నాపరాయి గనిలో పని. పొద్దున పది గంటలు. మోటరుకు కట్టే రెండో తాడు నేను ఇంట్లోనే మరిచిపోయాను. "ఉండేది చాలులేప్పా" అన్నాడు బావ. నడుముకున్న తాడు విప్పి మోటరుకు కట్టి, తాను గాలి పైపు పట్టుకుని పైకొస్తానన్నాడు.

దిగాడు. కాసేపటికి ఒక్క గుంజు. కట్టేశాడన్నమాట. ఆయన పైకొచ్చాకే మోటరు లాగాలి. తర్వాత బుడగలు నాకు దూరంగా, అవతలి మూల తేలడం చూశాను. చూసి ఊరుకున్నాను.

అప్పుడు తాడు గుంజింది. ఒకటి, రెండు, మూడు. ఆగి ఆగి, లెక్కగా.

నా ఎగతాళి నాకే తిప్పికొడుతున్నాడనుకున్నాను. నవ్వి, నేనూ ఒకసారి గుంజాను.

కాసేపటికి బుడగలు ఆగిపోయాయి. తాడు లాగితే మోటరు వచ్చింది. బావ వేసిన ముడి చెక్కుచెదరలేదు. దూకాను, వెతికాను. నీళ్లు బురదయ్యాయి. నా చెయ్యి నాకే కనపడలేదు.

అగ్నిమాపక వాళ్లు బావను అవతలి మూలలో తీశారు. గాలి పైపు రాయి కింద నలిగింది. మట్టి లేచి దారి తప్పి ఉంటాడన్నారు. తాడు ఆయనకు అందేంత దగ్గర లేదు.

మోటరు జారి తాడు కదిలి ఉంటుందన్నారు కొందరు. తర్వాత అదే మోటరును అదే చోట దించి, తాడు పట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నాను. ఒక్కసారి కూడా కదల్లేదు.

సమాధి దగ్గర అక్క అడిగింది. "ఆయప్ప తాడు గుంజినాడా?"

"లేదక్కా" అన్నాను.

అది అబద్ధమో నిజమో నాకే తెలియదు. ఆ మూడు గుంజులకు లాగి ఉంటే మోటరు అప్పుడే తేలేది. బావ తాడు దగ్గర లేడని అప్పుడే తెలిసేది. బుడగలు అప్పటికింకా వస్తున్నాయి.

తాడుకు అటు చివర మోటరు తప్ప ఏమీ లేదు. గుంజింది ఎవరో ఈ రోజుకీ తెలియదు. ఎవరైతేనేం, బావ కోసమే గుంజారు. నేను నవ్వాను.