చేపల ఉపవాసం

ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు: నా చిన్నప్పుడు ఒక బోనాల పండుగనాడు చేపల తొట్టిలో అన్నం వేసింది నేనే. మొన్న ఆఫీసులో పక్క సీటు అమ్మాయి చేపల దాణా డబ్బా మూత తీయగానే ఎండురొయ్యల వాసన గుప్పుమంది. లాల్‌దర్వాజాలోని మా అద్దె ఇల్లు కళ్లముందుకు వచ్చింది.

ఆషాఢపు ముసురు, గడపలకు పసుపు, సందంతా వేపాకు, గుగ్గిలం పొగ, డప్పులు, చుట్టాలతో కిక్కిరిసిన రెండు గదులు, ఆ సందడి మధ్య కిటికీ పక్కన అద్దాల తొట్టిలో రెండు బంగారు చేపలు. చూస్తున్నవాళ్లకు పెట్టకుండా తినడం మా నానమ్మకు చేతకాదు. చాయ్ తాగినా, సర్వపిండి తిన్నా ముందు డబ్బా తీసి చేపలకు నాలుగు దాణా గింజలు వేసేది. "నోరు తెరిచి అడుగుతున్నయి, కనవడుతలేదా?" అనేది. నేనూ ఆమె మనవరాలినే కదా! అమ్మవారికి సమర్పించి తెచ్చిన బోనం అన్నం అందరికీ పంచుతుంటే, ఇంట్లో ఈ చేపలిద్దరికే అందలేదని ఒక ముద్ద తొట్టిలో వేశాను.

తెల్లవారేసరికి నీళ్లు కుడితిలా తయారయ్యాయి. చేపలు పైకి తేలి ఊపిరి కోసం ఎగబీలుస్తున్నాయి.

"నీతోనే ఇట్లయింది అమ్మా! పూటకు పదిసార్లేస్తివి. ఇగ ఆ డబ్బా ముట్టకు," అని నాన్న నానమ్మ మీద లొల్లి చేశాడు. ఆమె డబ్బా తెచ్చి నాన్న చేతికిచ్చేసింది. నేను తలుపు చాటుకు జరిగాను.

కొత్తవాళ్లతో మాట్లాడాలంటే చచ్చేంత సిగ్గున్న నేను, ఆ పొద్దున ఒక్కదాన్నే సందు చివరి చేపల దుకాణానికి వెళ్లి, నీళ్లు తెల్లబడ్డాయని గొణిగాను.

"అన్నం గిట్ల ఏసిన్రా?" అన్నాడు దుకాణం చాచా. నేను తల దించుకున్నాను. "తోబా! చేప కడుపు దాని కన్నంతనే ఉంటది బేటీ. దినానికి ఒక్కసారి, రెండు నిమిషాల్ల తిన్నంతనే ఎయ్యాలె. సగం నీళ్లు మార్చున్రి, రెండు దినాలు ఏమెయ్యకున్రి. ఫికర్ చెయ్యకు, ఉపాసముంటే చావయ్."

నాన్న చూడకముందే మెతుకులన్నీ ఏరి, చాచా మాట ఇంట్లో చెప్పాను; సగం నీళ్లు తీసి, బిందెలో నిలవ ఉంచిన నీళ్లు పోశాం. ఆ రెండు రోజులూ నానమ్మ తొట్టికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి, దొంగలా అన్నం తింది. మూడోనాడు నీళ్లు తేటపడ్డాయి, చేపలు ఒకదాన్నొకటి తరుముకున్నాయి. నాన్న డబ్బా తెచ్చి, "పొద్దుగాల ఒక్కసారే" అంటూ నానమ్మ చేతిలో పెట్టాడు.

ఇప్పుడు ఆ చేపలు లేవు, తొట్టి లేదు, ఆ ఇంటి చోట మూడంతస్తులు లేచాయి. నానమ్మ పోయి రెండేళ్లు. చివరిసారి నేను ఆమె తల దువ్వుతుంటే ఉన్నట్టుండి నవ్వింది.

"బోనం బువ్వ ఏసింది నువ్వేనని నాకు ఎర్కే బిడ్డా. మీ నాయిన నన్ను తిడితే పొద్దుమీకేసరికి మర్చిపోత. నిన్ను తిడితే నువ్వు నెల దినాలు ఎవ్వలతోని మాట్లాడవు. గందుకే ఊకున్న."