మధ్య స్పీకర్ అక్కర్లేని ఇల్లు

2007లో మార్కాపురంలో హోమ్ థియేటర్ పిచ్చి మొదలైంది. బస్టాండుకు పోయే దారిలో నా దుకాణం. రేడియోలు, టేప్‌రికార్డర్లు, యాంప్లిఫయర్లు బాగుచేయడం, అడిగినవాళ్లకు కొత్తవి బిగించడం నా పని. అప్పటిదాకా రెండు స్పీకర్లతో హాయిగా ఉన్న ఇళ్లు ఒక్కసారిగా ఐదు పెట్టెలు, వాటితో పాటు ఒక బేస్ పెట్టె కావాలని అడగసాగాయి. పక్కింట్లో ఉన్నాయి కాబట్టి తమకూ ఉండాలి. అంతకు మించి కారణం లేదు.

నేను మొహమాటపడే మనిషిని కాను. సినిమాకైతే ఐదు కొనుక్కో, పాటకైతే మంచివి రెండు కొనుక్కో అని చెప్పేవాణ్ణి. స్టీరియో అంటే రెండు దారుల్లో రికార్డు చేసిన శబ్దం. ఎడమ, కుడి స్పీకర్లకు ఎదురుగా, సమదూరంలో కూర్చుంటే పాడేవాడు మన ముందే నిలబడినట్టుంటుంది. మల్టీచానెల్ అంటే చుట్టూ పెట్టిన ఒక్కో స్పీకరుకూ ఒక్కో దారి. కానీ మన ఇళ్లలో ఉన్న పాటల క్యాసెట్లలో, సీడీల్లో ఉండేవి రెండే దారులు. ఆ రెంటినీ ఐదు పెట్టెలకు పంచితే వెనకవాటికి మిగిలేది గుసగుస మాత్రమే. ఇది నేను చదివి చెప్పిన మాట కాదు. పలకలు తయారుచేసే ఊళ్లో పుట్టి కూడా నేను పలక పట్టింది ముప్పై దాటాక, రాత్రి బడిలో. ఈ పని అంతకు చాలా ముందే చెవితో నేర్చుకున్నాను.

ఆ ఏడు ఎండలు ముదరకముందు రమణమ్మ దుకాణానికి వచ్చింది. మా వీధి చివర జాకెట్లు కుట్టే మనిషి.

"మావా, కొత్త సెట్టు తెచ్చి వారం కాలేదు, వెనక పెట్టెలు మూగపోయినాయి. వచ్చి చూడు."

"ఏం పాట పెట్టినావు?"

"మా నాయన పిల్లకాయల చెక్కభజన. ఎవరో పెళ్లికి పోయినప్పుడు టేపులో ఎక్కించినారు."

"పెట్టెలకేం కాలేదు. ఆ టేపులో వెనక అనేదే లేదు. రెండు పెట్టెలుంచుకుని తతిమ్మావి వాపసు ఇచ్చేయ్."

"ఆ మాట నువ్వే వచ్చి ఆయనకు చెప్పు. నేను చెప్తే ఇంటాడా!"

ఆమె తండ్రి తిరుపతయ్య పుల్లలచెరువు అవతల, అడవి అంచు ఊళ్లో చెక్కభజన గురువు. గిలకలు తొడిగిన చెక్కలు చేత పట్టి, కాళ్లకు గజ్జెలు కట్టి పిల్లలు వలయంగా ఆడతారు. గురువు తాళాలు వాయిస్తూ పాట ఎత్తుకుంటాడు. ఆయన తొంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకుని, మార్కాపురంలో కూతురి ఇంట్లో ఉన్నాడు. గుంతల రోడ్డులో ప్రయాణం కొన్నాళ్లు వద్దని డాక్టరు చెప్పాడు. ఊళ్లో ఆయన భజన దళం ఏమో తిరునాళ్లకు ఆడాలి. సగం మంది కొత్త పిల్లలు. పగలు కూలికి పోయేవాళ్లు, రోజూ మార్కాపురం రాలేరు. దిద్దేవాడు లేక దళం చెదిరిపోతుందని ఆయన బెంగ. ఫోన్లో వినిపించి చూశారట. "డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంది" అని ఫోను పక్కన పెట్టేశాడట.

నేను వెళ్లేసరికి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఐదు పెట్టెల్లో మూడు తీసేసి, రెంటిని సరైన ఎడంలో పెట్టి ఆ టేపే వినిపించాను. నాపరాళ్ల గది, శబ్దం కొట్టి తిరిగి వస్తోంది. రెండు బొంతలు గోడకు వేలాడదీయించాను. చెక్కలు గాజుల్లా విడివిడిగా పలికాయి. నాకు తృప్తిగా ఉంది. ఆయన ముఖంలో మాత్రం ఏమీ లేదు.

"బాగుంది తమ్ముడూ. బలే ఉంది. అయితే ఈ పిల్లకాయలందరూ నా ఎదురుగా నిలబడినారేంది?"

"స్టీరియో అంటే అట్లనే ఉంటది పెద్దాయనా. మనం ఎదురుగా కూర్చుని ఇంటాం."

"ఎదురుగా కూర్చునేది జనం. నేను జనమా?"

ఆయన చేత్తో మంచం చుట్టూ ఒక గుండ్రం గీశాడు.

"నేను నిలబడేది నడిమధ్యన. సగం మంది నాకు ఎనకనే ఉంటారు. ఎనక ఉన్నోడిని కళ్లతో ఎట్ల దిద్దుతా? చెవితోనే. ఎవడి చెక్క ముందు పడింది, ఎవడి గజ్జె ఎనకబడింది, ఎటుపక్క నుంచి వచ్చింది, అదీ నాకు కావాల్సింది. నువ్వు అందర్నీ తెచ్చి ఒకే గోడకు ఆనించినావు."

ఇన్నేళ్ల పనిలో పాట లోపల నిలబడి వినేవాడు నా దగ్గరికి వచ్చింది అదే మొదటిసారి. వాపసు ఇవ్వమన్న సెట్టును వాపసు ఇవ్వొద్దని రమణమ్మకు చెప్పాను. "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చెప్తావేంది మావా" అని ఎగతాళి చేసింది. చేస్తే చేసింది.

నా దుకాణంలో పాత ఫోర్ ట్రాక్ రికార్డర్ ఒకటి ఉండేది. మామూలు క్యాసెట్టు మీదే నాలుగు దారుల్లో ఒకేసారి రికార్డు చేస్తుంది. నాలుగు మైకులు నాలుగు దిక్కులకు తిప్పి పెడితే, వాటిని నాలుగు స్పీకర్లలో మళ్లీ వినిపించవచ్చు. దళంలో పెద్దవాడు యోగయ్య వచ్చి నన్ను ఊరికి తీసుకుపోయాడు. ఆరుబయట పిల్లలు గజ్జెలు కట్టి సిద్ధంగా ఉన్నారు. నేను మైకు స్టాండు తీసుకుని వలయం మధ్యకు నడిచాను.

యోగయ్య అడ్డం వచ్చాడు. "అన్నా, ఆడ వద్దు."

"ఆడ పెడితేనే కదయ్యా నాలుగు పక్కలా వచ్చేది."

"అది గురువు తావు. ఆయన లేనప్పుడు మేము కాలు గూడ పెట్టం. ఇనప కడ్డీ నిలబెడతామా?"

చూస్తే అక్కడ ముగ్గు వేసి, మధ్యలో ఆయన తాళాలు పెట్టి ఉన్నాయి. ఎంత చెప్పినా వినలేదు. ఒక్క పిల్లవాడూ నా వైపు మాట్లాడలేదు. కోపం వచ్చింది గానీ కొట్లాడటానికి పోలేదు కదా, స్టాండును వలయం బయట, జనం నిలబడే చోట పెట్టి రికార్డు చేసుకుని వచ్చాను.

రమణమ్మ ఇంట్లో మంచానికి నాలుగు మూలలా నాలుగు చిన్న పెట్టెలు పెట్టాను. సెట్టు వెనక ఒక్కో పెట్టెకు విడివిడిగా శబ్దం ఇచ్చుకునేందుకు వైర్లు గుచ్చే రంధ్రాలు ఉంటాయి. రికార్డరు నుంచి నాలుగు వైర్లు వాటికి కలిపాను. యోగయ్య గడప దగ్గర కూర్చున్నాడు. టేపు తిరిగింది. ముందు రెండు పెట్టెల్లో దళం ఆడుతోంది. వెనక రెండింటిలో ముందు ఒక మేక అరిచింది, తరువాత ఎవరో తుమ్మారు, ఆ తరువాత ట్రాక్టరు పోయింది.

రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గురువు నవ్వలేదు.

"ముందరేమో నా పిల్లకాయలు, ఎనకేమో మేక. నన్ను చుట్టు బయటికి నెట్టినారు గదరా."

యోగయ్య తల దించుకుని జరిగింది చెప్పాడు. మీ తావులో ఇంకొకటి పెట్టడానికి మనసు రాలేదు గురువా అన్నాడు. ముసలాయన కాదంటే ఈ పని అక్కడితో ఆగిపోతుందని నాకు తెలుసు. యోగయ్య ఆ ఏడు గజ్జెలు కట్టించడు, పిల్లలు పనుల కోసం తలా ఒక దిక్కు పోతారు. ఆయన దిండు పక్కన మడిచి పెట్టిన ఎర్రటి తలగుడ్డ తీసి యోగయ్య చేతిలో పెట్టాడు.

"ఆ కడ్డీకి ఇది చుట్టండి. నా తావులోనే పెట్టండి. నేను చెప్పినా కదా, ఇంకెవురికి బయం?"

రెండోసారి వెళ్లినప్పుడు యోగయ్య తన చేతులతోనే స్టాండుకు తలగుడ్డ చుట్టాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆ స్టాండుకు మొక్కి తమ స్థానాల్లోకి పోయారు. నేను మైకులు నాలుగు దిక్కులకు తిప్పి పక్కకు వచ్చేశాను.

ఈసారీ యోగయ్య గడప దగ్గరే కూర్చున్నాడు. టేపు పెట్టే ముందు మధ్య స్పీకరునూ, బేస్ పెట్టెనూ తీసి బీరువా మీద పెట్టాను. మధ్య స్పీకరు సినిమాలో మాటలు వినిపించడానికి ఉండే పెట్టె, టీవీ కింద ఉంటుంది.

"డబ్బులు పోసి కొన్నది తీసేస్తావేంది మావా?" అంది రమణమ్మ.

"మధ్యలో మీ నాయన ఉన్నాడు కదమ్మీ. ఇంక పెట్టె ఎందుకు?"

మొదటి చెక్క వెనక ఎడమ మూల నుంచి పడింది. గురువు కళ్లు మూసుకున్నాడు. వలయం తిరగడం మొదలుపెట్టింది. గదిలో గజ్జెలు కిటికీ పక్క నుంచి గడప వైపు, గడప నుంచి బీరువా వైపు మా చుట్టూ నడిచి పోతున్నాయి. గోడకున్న బొంతల ముందు నుంచి నిజంగా మనుషులు పోతున్నట్టే రమణమ్మ కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చింది. ఆయన వేళ్లు మంచం పట్టె మీద తాళం వేస్తున్నాయి. ఉన్నట్టుండి ఆగాయి.

"ఒక చెక్క ముందే పడతాంది. ఇప్పుడు కిటికీ కాడ ఉన్నాడు... ఇదో గడప కాడికి వచ్చినాడు... ఇప్పుడు నా ఎనక. కొత్తోడు కాదు, చెయ్యి బలంగా ఉంది. ఎవురు రా అది?"

గడప దగ్గర నుంచి నీరసంగా జవాబు వచ్చింది. "నేనే గురువా."

"నువ్వా! పిల్లకాయలకు చెప్పాల్సినోడివి, నీకేం తొందర రా? బస్సు పోతాందా?"

యోగయ్య సిగ్గుపడ్డాడు గానీ, ఆ ముఖంలో నేను చూసింది సంతోషం. తిట్టేవాడు తిరిగి వచ్చాడు. రికార్డరు నడపడం యోగయ్యకు నేర్పాను. ఆ తరువాత సంతకు వచ్చే ఎవరో ఒకరి చేత రికార్డరూ కొత్త టేపూ వచ్చేవి, రికార్డరుతో పాటు గురువు తిట్లూ మోసుకుని మనిషి తిరిగి పోయేవాడు. ఆయన నడక కర్ర మీద మొదలై గడప దాటింది. తిరునాళ్ల నాటికి డాక్టరు సరే అన్నాడు, మెల్లగా పోయే కారులో అయితే.

నేనూ వెళ్లాను. వలయం మధ్యలో కుర్చీ వేశారు. అలవాటు ప్రకారం యోగయ్య మైకు స్టాండు తెచ్చి దాని పక్కన నిలబెట్టబోయాడు. గురువు స్టాండుకున్న తలగుడ్డ విప్పి తలకు చుట్టుకున్నాడు.

"దాన్ని బయట పెట్టు రా, జనం కాడ. ఈడ నేనున్నా."

అప్పటి నుంచి నా దుకాణానికి వచ్చినవాళ్లను సినిమానా పాటనా అని అడగడం మానేశాను. పాట వినేటప్పుడు నువ్వు ఎక్కడుంటావు అని అడుగుతాను. చాలామంది ఎదురుగా అంటారు. వాళ్లకు ఇప్పటికీ రెండే ఇస్తాను, కచ్చితంగా. ఎప్పుడో ఒకరు కాసేపు ఆలోచించి, మధ్యలో అంటారు. వాళ్లను మాత్రం లోపలికి పిలిచి కూర్చోబెట్టి, టీ తెప్పిస్తాను. వాళ్లతో పని నిదానంగా ఉంటుంది.